ఐసు ఫ్యాక్టరీ పాటలు

ఆ ఉదయం ఉరుము ఇస్త్రీ చేసిన చొక్కాలన్నిటికీ చేతుల మీద రెండేసి గీతలు పడ్డాయి. ఒక చేతికి ఒక గీతే ఉండాలన్నది లాండ్రీలో మొదటిరోజు నేర్చుకునే పాఠం. ఆమె భర్త ఒక చొక్కాను హ్యాంగరుకు తగిలించబోయి, వెలుతురులోకి పట్టుకుని చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"ఏమిటి?" అంది ఆమె.

"ఏం లేదు. రైలు పట్టాలు బావున్నాయి."

ఆమె చొక్కా లాక్కుని నీళ్ళు చిలకరించి మళ్ళీ మొదలుపెట్టింది. సగం చేసి, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, గుమ్మందాకా వెళ్ళి వీధిలోకి చూసి వచ్చింది. వచ్చి హ్యాంగర్లు సర్దింది. సర్దినవి మళ్ళీ సర్దింది. కాలుగాలిన పిల్లిలా ఆమె అలా తిరుగుతుంటే భర్త అడ్డు రాకుండా బొత్తాలు కుట్టే స్టూలు మీదికి చేరాడు.

ఆమె అసలు పేరు సంతకానికి తప్ప దేనికీ పనికిరాకుండా పోయి చాలా కాలమైంది. పాతికేళ్ళ వయసులో హార్డ్ రాక్ బ్యాండులో పాడేటప్పుడు, మైకు పాడైనా చివరి వరస దాకా వినబడేదని తోటివాళ్ళు ఉరుము అన్నారు. పెళ్ళయ్యాక మొగుడూ అలాగే పిలిచాడు, కాకపోతే వేరే అర్థంలో. వాళ్ళమ్మ మాత్రం పోయేదాకా ఆ బ్యాండు సంగతి ఎవరైనా అడిగితే, "అవే, ఆ గట్టిరాయి పాటలు" అని మాట మార్చేది.

బ్యాండులో నలుగురు. గిటారు ఆమె సొంత అన్నయ్యది. వేదిక మీద గిర్రున తిరుగుతూ వాయించేవాడు గనక బొంగరం. డ్రమ్స్ వాయించేవాడు సుత్తి. బాదుతాడనీ ఆ పేరే, మాట్లాడటం మొదలెడితే ఆపడనీ ఆ పేరే. అతను ఇప్పుడు పళ్ళ డాక్టరు. నోరు తెరుచుకున్న మనిషి ఎదురు మాట్లాడలేడు కాబట్టి అతనికి ఇంతకన్నా తగిన వృత్తి లేదని మిగతావాళ్ళ అభిప్రాయం. బేస్ గిటారు వాయించే నాలుగో మనిషి గోడ. గోడకైనా చెవులుంటాయి, వీడికి చెవులున్నా నోరు లేదని సుత్తే పెట్టాడు ఆ పేరు. ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో, నేర్చుకునేవాళ్ళ పక్కన రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని మౌనంగా కూర్చుంటాడు.

వాళ్ళది ఒక క్యాసెట్ వచ్చింది. కాస్త పేరూ వచ్చింది. రెండో క్యాసెట్ కోసం ఐసు ఫ్యాక్టరీ వెనక గదిలో ఒక వానాకాలమంతా కూర్చుని కొత్త పాటలు కట్టారు. అవి బయట ఎక్కడా పాడకముందే ఫ్యాక్టరీ మూతపడింది, గది పోయింది. "వచ్చే నెల ఇంకో గది చూద్దాం" అన్నాడు బొంగరం. ఆ వచ్చే నెల రావడానికి ముప్ఫై ఏళ్ళు దాటింది.

అది కూడా బొంగరం కూతురు పట్టుబడితే వచ్చింది. ఆ పిల్ల సౌండు ఇంజనీరు. తండ్రి ఫోటో ఫ్రేముల దుకాణం పైన చిన్న రికార్డింగు గది కట్టుకుంది. ఫ్రేము చెక్కల వెనక, సుద్దముక్కల డబ్బాలో పడి ఉన్న ఐసు ఫ్యాక్టరీ నాటి రిహార్సల్ క్యాసెట్ ఒకటి దొరికించుకుంది. "వీటిని ఇలా వదిలేస్తారా నాన్నా?" అని తిట్టి, ఈ వారమంతా గది ఖాళీగా ఉంచి, నలుగురినీ పోగుచేసింది.

అందరూ వచ్చారు. కింద దుకాణంలో అద్దాలు గలగలలాడకుండా ఫ్రేముల మధ్య పాత దుప్పట్లు కుక్కారు. మేనకోడలు క్యాసెట్ వినిపించింది.

"టేపు సాగిపోయింది, మెల్లగా తిరుగుతోంది. అందుకే గిటారు శ్రుతికి సరిపోయేదాకా వేగం పెంచాను. వెనకాల గుర్రుమని ఏదో రొద ఉంటే అదీ తీసేశాను" అంది.

పాటకీ పాటకీ మధ్య తమ మాటలు విని అందరూ నవ్వుకున్నారు. "ఎంత లేత గొంతులో చూడు, మీసాలు కూడా రానట్టున్నాం" అన్నాడు సుత్తి.

నవ్వు అక్కడితో సరి. వాయించడం మొదలుపెట్టాక ఎవరికీ కుదురు లేదు. ఒక్క పాట అయ్యేసరికి సుత్తి చొక్కా గుండీలు విప్పుకుని ఫ్యాను కింద కూలబడ్డాడు. "మనం ఆ రోజుల్లో తిన్నది అన్నమా, మందుగుండా? ఇంత వేగం ఎలా వాయించాన్రా?" అన్నాడు. గోడ వేళ్ళు విదిలించుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని చేయి జేబులో పెట్టుకున్నాడు. బొంగరం ఇప్పుడు తిరిగే కుర్చీలో కూర్చుని తిరుగుతున్నాడు. అందరూ తలో మాటా అని, చివరికి వయసు మీద తోశారు.

ఉరుము మిగతా పాటలు ఎలాగో ఈడ్చుకొచ్చింది. కానీ "తట్టు" అనే పాట లొంగలేదు.

ఆ పాట ఆమెదే. మాటలూ తనే కట్టింది, వరసా తనే ఇచ్చింది. "తట్టు, ఇంకా తట్టు, తలుపు విరిగేదాకా తట్టు" అని ముగుస్తుంది. ఆ "విరిగేదాకా"లో "దా" దగ్గర గొంతు పైకి లేచి, గిటారు ఆగిపోయి, ఒంటరిగా నిలబడాలి. నిన్న అక్కడ ఎన్నిసార్లు పాడినా ఆమె గొంతు పాత గుడ్డ చిరిగినట్టు చిరిగింది.

"పర్లేదత్తా, మిషన్లో సరిచేస్తాను" అంది మేనకోడలు. సరిచేసి వినిపించింది కూడా. ముడత లేదు, మరక లేదు. హ్యాంగరుకు వేలాడే చొక్కాలా ఉంది, లోపల మనిషి లేడు.

"పాటలోనే ఏదో తేడా ఉంది" అంది ఉరుము.

"ఆడలేక మద్దెల ఓడందిట" అన్నాడు బొంగరం, నవ్వుతూనే.

ఆమె నవ్వలేదు. కాసేపయ్యాక అతను కుర్చీ అటు తిప్పుకుని, కిటికీకేసి మాట్లాడుతున్నట్టు, "మా అమ్మాయి స్నేహితురాలు ఒకమ్మాయి ఉందిట. మంచి గొంతు. ఈ ఒక్క పాటా ఆ పిల్లచేత పాడిద్దాం. మిగతావన్నీ నువ్వే కదా" అన్నాడు. సుత్తి, గోడ ఏమీ అనలేదు. గోడ అనకపోవడం మామూలే. సుత్తి కూడా నోరు మూసుకోవడంతో సంగతి అర్థమైంది. ముందే మాట్లాడుకున్నారన్నమాట.

ఆ అమ్మాయి ఇవాళ మధ్యాహ్నం వస్తుంది.

మిగతావన్నీ ఏం చేసుకోను, అనుకుంది ఉరుము, చొక్కా కాలరు నొక్కుతూ. వినేవాడు లేక ఇన్నేళ్ళు లోపలే ఉండిపోయిన పాట అది. బయటికి వస్తే తన నోటితో రావాలి. లేకపోతే ఆ ఐసు ఫ్యాక్టరీలాగే మూతపడి ఉండటం నయం. పోనీ అక్కడికి వెళ్ళి ఆ మాటే అంటే, "గొంతు పోయినా పొగరు పోలేదు" అంటారు. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టుంది ఆమెకు, పాడటానికీ లేదు, మింగడానికీ లేదు.

"ఇస్త్రీ పెట్టె" అన్నాడు భర్త.

ఆమె ఉలిక్కిపడి పెట్టె ఎత్తింది. కాలరు మీద లేత గోధుమరంగు మచ్చ మొదలవుతోంది.

"ఇటివ్వు, నేను చూస్తాను. నువ్వు వెళ్ళి ఆ డ్రయ్యర్ సంగతి చూడు. దాన్ని కాల్చలేవు."

లాండ్రీ వెనక గదిలో పెద్ద డ్రయ్యర్ దుప్పట్లు తిప్పుతోంది. పాత డ్రయ్యర్ గడగడమని రాళ్ళు దొర్లించినట్టు మోగేది. దాన్ని తీసేసి తెచ్చిన ఈ డ్రయ్యర్‌ది ఒకటే గుర్రు, కిందినుంచి, ఎడతెగకుండా. ఉరుము దాని పక్కన నిలబడి ఆరిన తువ్వాళ్ళు మడతపెట్టసాగింది. చేతులకు పని దొరికేసరికి నోరు దానంతటదే పాట అందుకుంది. ఇక్కడ పాడుకోవడం ఆమెకు అలవాటే. తువ్వాలుకి ఒక చరణం చొప్పున సాగింది. "తట్టు, ఇంకా తట్టు" అని, చివరి తువ్వాలు విదిలిస్తూ "విరిగేదాకా" అంది. "దా" లేచింది, నిలబడింది, దిగింది.

ఆమె చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"ఇక్కడ బానే విరిగిందిగా తలుపు" అన్నాడు ముందు గదిలోంచి భర్త. "నిన్న అక్కడ ఏమొచ్చింది మరి?"

ఆమె మళ్ళీ పాడింది. మళ్ళీ నిలబడింది. ఇంకోసారి పాడబోతుంటే డ్రయ్యర్ పని ముగించుకుని ఆగిపోయింది. నిశ్శబ్దంలో ఆమె ఫోను తీసి, నిన్న మేనకోడలు పంపిన వాద్యాల రికార్డింగు పెట్టుకుని పాడింది. "దా" దగ్గర గొంతు చిరిగింది.

ఉరుము ఫోను ఆపింది. డ్రయ్యర్ తలుపు తీసి దుప్పట్లు బుట్టలోకి లాగి, తలుపు మూసి, "ఏవండీ, దీన్ని ఒట్టిగా తిప్పండి" అంది.

"ఒట్టిగానా? దేన్ని ఆరబెట్టడానికి?"

"నన్ను."

ఆయన ఆమె మొహం చూసి, ఎదురు చెప్పకుండా వచ్చి, వేడి ఆపేసి, ఒట్టి గాలి మీద డ్రయ్యర్ తిప్పాడు. గుర్రు మొదలైంది. ఆమె అరచేయి దాని తలుపు మీద ఆనించి, ఫోను లేకుండా, ఆ గుర్రు పట్టుకుని పాడింది. ఫోన్లో కన్నా కిందనుంచి ఎత్తుకుంటున్నట్టు ఇప్పుడు తెలిసింది. కొంచెం నిదానం కూడా. ఎందుకిలా, అనుకుంటుంటే చేతికింద అదిరే రేకు ఇంకో రేకును గుర్తుచేసింది. ఐసు ఫ్యాక్టరీ గదికీ మోటారుకీ మధ్య అడ్డు ఒక్క రేకే. ఆ వానాకాలమంతా ఆమె ఆ రేకుకు వీపు ఆనించి పాడింది.

"షట్టరు దించండి" అంది. "అన్నయ్య దగ్గరికి పోదాం."

"చొక్కాలు?"

"ఎవడి కొంపా మునగదు. పదండి."

* * *

స్కూటరు వెనక కూర్చుని ఆమె దారి పొడుగునా భర్త భుజం మీద వేళ్ళతో దరువు వేస్తూనే ఉంది. ఫ్రేముల దుకాణం మెట్లు ఆయన ఇంకా స్టాండు వేస్తుండగానే ఎక్కేసింది.

పైన ముగ్గురు మగవాళ్ళూ ఉన్నారు. పాడటానికి వచ్చిన అమ్మాయి మూల కుర్చీలో, చేతిలో వేడినీళ్ళ గ్లాసుతో, పరాయి పెళ్ళికి వచ్చినదానిలా కూర్చుంది. ఉరుమును చూసి లేచి నిలబడింది.

"కూర్చోమ్మా, నీతో తగువుకి రాలేదు" అంది ఉరుము. అన్నయ్య వైపు తిరిగింది. "ఐసు ఫ్యాక్టరీలో నువ్వు శ్రుతి దేన్ని చూసి పెట్టేవాడివి?"

"దేన్ని చూసి ఏమిటి? పీక ఊది. నా దగ్గర శ్రుతి పీక ఉండేదిగా."

"ఉండేది. ఏమైంది?"

బొంగరం సుత్తిని చూశాడు. సుత్తి తన చేతిలోని డ్రమ్ము కర్రలను చూసుకున్నాడు.

"పందెం కట్టారు" అన్నాడు గోడ. ఆ వారంలో అతను మాట్లాడిన మొదటి మాట అదేనేమో, అందరూ అటు తిరిగారు. "ఐసు గడ్డలో పెడితే పీక కనిపిస్తుందా కనిపించదా అని."

"కనిపించింది" అన్నాడు సుత్తి. "చక్కగా కనిపించింది, అద్దంలో పెట్టినట్టు. తీసుకుందామని పొద్దున్నే వెళితే ఆ గడ్డ అమ్మేశారు. ఏ చేపలబండి మీద కరిగిందో. దానికి ఇప్పుడు పంచాయితీ ఏమిటి ఉరుమూ?"

"పీక పోయాక శ్రుతి ఎలా పెట్టావన్నయ్యా?"

బొంగరం కుర్చీ తిరగడం మానేసింది. గిటారు ఒళ్ళో ఉంది. అతను ఏమీ వాయించకుండా, లావు తీగ బిగించే మర మీద చేయి వేసి, తల రేకుకు ఆనించినట్టు పక్కకు వంచాడు. ఆ వంగడం ఒంటికే గుర్తుంది, మనిషికి లేదు.

"మోటారుకి" అన్నాడు. "మోటారు గుర్రుకి లావు తీగ కలిపి, మిగతావి దాన్నిబట్టి కలిపేవాణ్ణి."

"ఆ మోటారుది మామూలు శ్రుతే అని ఎవరు చెప్పారు? మనం బయట వాయించే దానికన్నా కింద ఉంది అది. ఈ పాటలు పుట్టిందే కింద. నువ్వు ఇన్నేళ్ళూ వేళ్ళు ఎక్కడ పెట్టాలో గుర్తుపెట్టుకున్నావు గానీ, తీగ ఎంత వదులుందో గుర్తుపెట్టుకోలేదు."

"అయ్యో" అంది మేనకోడలు, నెమ్మదిగా. అప్పటికే ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. "అత్తా, అయితే టేపు సాగలేదు."

"నాకేం తెలుసు. నువ్వు పెంచకముందు ఎలా ఉందో అలా వినిపించు. ఆ రొద కూడా తీయకు."

స్పీకర్లలో మొదట ఆ గుర్రు వచ్చింది. నలుగురూ ఒక్కసారే తలెత్తారు, చిన్నప్పటి ఇంటి తలుపు కిర్రుమంటే తలెత్తినట్టు. తర్వాత ఒక మగగొంతు, "చెప్పేది వినండ్రా, నేను చెప్పేది వినండి" అంది. అది లేత గొంతేం కాదు. అచ్చం ఇప్పటి సుత్తి గొంతే.

"మీసాలు వచ్చే ఉన్నాయి" అన్నాడు గోడ.

తర్వాత పాట మొదలైంది. నిన్న విన్నదానికన్నా నిదానంగా, బరువుగా, ఏనుగు మెట్లు దిగినట్టు దిగింది. సుత్తి ఎడమకాలు దానంతటదే నేల మీద ఆడసాగింది.

"అమ్మతోడు, ఇదీ మన వేగం" అన్నాడు. "వారం నుంచి నేను చచ్చిపోతున్నానే. నిన్న మా ఆవిడతో గుండె పరీక్ష చేయించుకుంటానని కూడా అన్నాను. ఏమ్మా, నీ మిషను నన్ను కాటికి పంపేదే."

"నాకేం తెలుసు బాబాయ్? నాన్నని అడిగితే గిటారు మామూలు శ్రుతే అన్నారు."

అందరూ బొంగరాన్ని చూశారు. అతను చెల్లెల్ని చూశాడు. "నువ్వు నిన్ననే చెప్పొచ్చుగా" అన్నాడు, తప్పు ఆమెదన్నట్టు.

"చెప్పాను. మద్దెల ఓడు అన్నావు."

"మద్దెల ఓడే" అన్నాడు ఉరుము భర్త, అప్పుడే మెట్లెక్కి వచ్చి గుమ్మంలో రొప్పుతూ. "ఏం బావా, ముప్ఫై ఏళ్ళ నుంచి ఓటి మద్దెల ఒళ్ళో పెట్టుకుని మా ఆవిడ గొంతుకి పేర్లు పెడుతున్నావా?"

"నువ్వు ఊరుకో బావా. శ్రుతి మించి రాగాన పడుతోంది."

"పడింది, నీ వల్లే."

బొంగరం తీగలు వదులు చేయడం మొదలుపెట్టాడు. లావు తీగ కిందికి జారుతూ ములిగింది. టేపులో గుర్రుకు దగ్గరైంది, తోసుకుంది, కొట్టుకుంది, చివరికి కలిసిపోయింది. రెండూ వేరని తెలియకుండా పోయిన ఆ క్షణంలో ఉరుముకు అరికాళ్ళలో దురద పుట్టింది. ఆమె చెప్పులు విడిచేసింది.

మూలన ఉన్న అమ్మాయి గ్లాసు కింద పెట్టి, "నేను వెళ్ళొస్తానండీ" అంది మేనకోడలితో, మెల్లగా.

"ఎక్కడికి?" అంది ఉరుము. "నాకు ఈ శ్రుతిలో కూడా రాకపోతే నువ్వే పాడాలి. కూర్చో."

అది మర్యాదకు అన్న మాట కాదు. అది అందరికీ తెలుసు. డ్రయ్యర్ పక్కన తువ్వాళ్ళు మడతపెడుతూ పాడటం వేరు, ముగ్గురు వాయిస్తుంటే పాడటం వేరు. ఇప్పుడు కూడా చిరిగితే నెపం తోయడానికి మోటారు లేదు, టేపు లేదు. ఇక మిగిలేది వయసే. ఆమె మైకు ముందుకు వచ్చి నిలబడింది. ఆమె అటొక అడుగు, ఇటొక అడుగు వేసింది. వెనక రేకు లేదు, ఆనుకోవడానికి. చివరికి గోడే పక్కకు జరిగి, తన పెద్ద స్పీకరు డబ్బాను కాలితో ఆమె వెనక్కి తోశాడు. ఆమె దానికి వీపు ఆనించింది. మేనకోడలు టేపులోని గుర్రును ఆమె హెడ్‌ఫోనులోకి వదిలింది.

సుత్తి కర్రలు కొట్టాడు. ఏనుగు మెట్లు దిగడం మొదలుపెట్టింది. కింద దుకాణంలో దుప్పటి అందని ఫ్రేము ఏదో గలగలమంది, ఎవరూ ఆపలేదు. ఉరుము మొదటి చరణం కళ్ళు తెరిచే పాడింది. రెండోదానికి పిడికిలి తొడ మీద పడసాగింది. "తట్టు, ఇంకా తట్టు." డబ్బా వీపును గుద్దుతోంది. "తలుపు విరిగే" దగ్గర గిటారు ఆగింది. ఆమె "దా" అందుకుంది.

అది పాత గొంతు కాదు. అంచుల్లో గరగర ఉంది, నడుమ ఒకచోట సన్నబడి, ఇదిగో పోయింది అనిపించేలా ఊగింది. పోలేదు. పట్టుకుంది, మందపడింది, గిటారు తిరిగి వచ్చి పడేదాకా నిలబడి, ఆ తర్వాతే దిగింది.

పాట ఆగింది. బొంగరం తిరిగే కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో అతనికే తెలిసినట్టు లేదు. మూల కుర్చీలో అమ్మాయి పెదవులు కదిపింది, ఆ "దా" ఎక్కడినుంచి ఎత్తారో కొలుచుకుంటున్నట్టు.

"వచ్చిందత్తా" అంది మేనకోడలు.

"వచ్చింది" అన్నాడు బొంగరం. ఇంకేదో అనబోయి, తీగ సర్దుకున్నాడు.

"ఇంకోసారి" అంది ఉరుము.

"మళ్ళీ ఎందుకే? బావుందిగా."

"నడుమ సన్నబడింది. నాకు తెలుసు. ఇంకోసారి వాయించండి, ఆపకండి." చెమట పట్టిన అరచేతులు చీరకు తుడుచుకుంటూ, మైకు ముందే అటూ ఇటూ కదులుతూ, గుమ్మంలో ఉన్న భర్తను చూసి ఆగింది. "ఏవండీ, వచ్చేటప్పుడు డ్రయ్యర్ ఆపారా?"

ఆయన జేబులోంచి స్కూటరు తాళం తీశాడు.

"ఆపలేదన్నమాట."

"షట్టరు దించమన్నావు, దించాను. అది ఆపమని నువ్వు అనలేదు. ఒట్టి గాలి మీదే ఉందిలే, ఏం కాదు. వెళ్ళి ఆపి వస్తాను."

"ఈ పాట అయ్యాక వెళ్ళండి" అంది ఉరుము. సుత్తి అప్పటికే కర్రలు ఎత్తాడు. ఆమె డబ్బాకు వీపు ఆనించింది. "అక్కడ అది శ్రుతి పట్టుకునే ఉంటుంది."